షాంపూ అనే మాట వెనక మనిషి: పట్నా షేక్ దీన్ మొహమ్మద్ కథ

ఉంగరాల జుట్టుకు బ్లీచ్ చేయించి రంగు వేయించుకున్న అమ్మాయిల ఇళ్లలో ఈమధ్య ఊదారంగు షాంపూ సీసా ఒకటి కనిపిస్తోంది. పక్కనే అదే రంగు కండిషనర్. షాపులో అడిగేటప్పుడు పర్పుల్ షాంపూ అంటారు. ఇందులో పర్పుల్ అనేది ఇంగ్లీషు మాట. షాంపూ మాత్రం మన దగ్గర్నుంచి వెళ్లి, సముద్రం దాటి, అర్థం మార్చుకుని తిరిగొచ్చిన మాట. దాన్ని ఇంగ్లండ్‌లో ఇంటింటికీ తెలిసేలా చేసినవాడు పట్నాలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్.

ఈయన గురించి మన ఫోన్లకు అప్పుడప్పుడు ఒక ఫార్వర్డ్ వస్తుంటుంది. షాంపూ కనిపెట్టింది మన ముస్లిమే అని, గర్వంగా షేర్ చేయండి అని. అందులో సగమే నిజం. ఆయన తల కడిగే ద్రవం ఏదీ కనిపెట్టలేదు. బతుకులో ఎక్కువ కాలం ఆయన మసీదుకు వెళ్లే మనిషి కూడా కాదు. కానీ ఆ ఫార్వర్డ్‌లో లేని సంగతులు చూస్తే, ఈయన జీవితం దానికంటే చాలా పెద్దది.

పదేళ్లకే పటాలం

దీన్ మొహమ్మద్ 1759లో పట్నాలో పుట్టారు. అంతకు రెండేళ్ల ముందే ప్లాసీ యుద్ధం అయిపోయింది. బెంగాల్, బీహార్‌లలో నవాబుల పెత్తనం పోతూ, ఈస్ట్ ఇండియా కంపెనీ పెత్తనం వస్తున్న రోజులవి. తమది బెంగాల్ నవాబులకు బంధుత్వం ఉన్న కుటుంబమని ఆయన చెప్పుకునేవారు. కానీ నాన్న బతుకుతెరువు మాత్రం కంపెనీ సైన్యంలోనే. సిపాయిగా మొదలై సుబేదార్ దాకా వెళ్లిన మనిషి. పిల్లాడికి పదేళ్లు వచ్చేసరికి ఆ నాన్న ఒక గొడవలో ప్రాణం పోగొట్టుకున్నారు.

ఆ వయసులోనే కుర్రాడికి ఎర్రకోటు వేసుకున్న అధికారుల మీద మోజు పుట్టింది. 1769లో గాడ్‌ఫ్రీ ఇవాన్ బేకర్ అనే ఐరిష్ యువ అధికారి వెంట వెళ్లిపోయాడు. అమ్మకు ఇష్టం లేదు. వెనక్కి రమ్మని అడిగింది. పిల్లాడు రాలేదు. ఆ ఏడాది, మరుసటి ఏడాది బెంగాల్, బీహార్‌లను భయంకరమైన కరువు ఊడ్చేసింది. భర్త పోయిన ఆడమనిషి, బయట కరువు, కొడుకు పటాలంలో. ఆ అమ్మ పరిస్థితి మనం ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత పదమూడేళ్లు దీన్ మొహమ్మద్ కంపెనీ పటాలంతోనే తిరిగారు. మొదట చిన్న చిన్న పనులు, తర్వాత జమాదార్, చివరికి నాన్నలాగే సుబేదార్. 1781లో బనారస్ రాజా చైత్ సింగ్ తిరగబడినప్పుడు దాన్ని అణచిన సైన్యంలో ఆయన కూడా ఉన్నారు. అంటే తన దేశంవాళ్ల మీదే కంపెనీ తరఫున ఆయుధం పట్టారు. ఇదీ ఆయన జీవితంలో భాగమే, దాచాల్సిన పనిలేదు. 1782లో బేకర్ ఉద్యోగం వదిలేస్తే ఆయన వెంట దీన్ కూడా వదిలేశారు. 1784లో ఇద్దరూ ఓడెక్కి ఐర్లాండ్‌లోని కార్క్ నగరానికి చేరారు. అప్పటికి దీన్ మొహమ్మద్ వయసు పాతికేళ్లు.

పెళ్లి, మతం, పుస్తకం

కార్క్‌లో ఆయన మొదట చేసిన పని చదువుకోవడం. ఇంగ్లీషు బాగా నేర్చుకున్నారు. అక్కడే జేన్ డేలీ అనే ప్రొటెస్టెంట్ కుటుంబం అమ్మాయితో పరిచయమైంది. 1786లో ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయి పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి చర్చి పద్ధతిలో జరిగింది. దీన్ మొహమ్మద్ ఆంగ్లికన్ చర్చిలో చేరిపోయారు. పిల్లలు కూడా ఆ మతంలోనే పెరిగారు.

మన ఫార్వర్డ్‌లు ఇక్కడే ఆగిపోతాయి. ఈ విషయం చెబితే గర్వం తగ్గిపోతుందేమో అని భయం. ఒక పాతికేళ్ల కుర్రాడు, వేల మైళ్ల దూరంలో, తన దీన్ వాళ్లు దాదాపు ఎవరూ లేని ఊళ్లో ఏ బలవంతంతో ఆ పని చేశాడో, ఎంత మనస్ఫూర్తిగా చేశాడో తేల్చడం మన పని కాదు. అది అల్లాహ్‌కే వదిలేద్దాం. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం మన పనే.

1794లో ఆయన తన ప్రయాణాల మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చు వేయించారు. ఊళ్లో ఉన్న మిత్రుడికి ఉత్తరాలు రాస్తున్నట్టు సాగే పుస్తకం అది. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చు వేసిన మొదటి పుస్తకం ఇదేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అచ్చు ఖర్చు కోసం ఆయన ముందే చందాలు వసూలు చేశారు. మూడు వందలకు పైగా చందాదారులు దొరికారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే సరుకు తయారు కాకముందే ఆర్డర్లు తీసుకుని, ఆ డబ్బుతోనే సరుకు తయారుచేశారు. వ్యాపారం తెలిసిన బుర్ర అది.

ఆ పుస్తకంలో కొన్ని భాగాలు వేరే ఇంగ్లీషు యాత్రికుల పుస్తకాల్లోంచి తీసుకున్నవని తర్వాత పరిశోధకులు చూపించారు. అయినా అందులో ఒక సంగతి గమనించాలి. చర్చిలో చేరిన ఎనిమిదేళ్ల తర్వాత రాసిన పుస్తకంలో ఆయన ముస్లింల సున్తీ, పెళ్లి, మయ్యత్ ఆచారాల గురించి ఎక్కడా తక్కువ చేయకుండా రాశారు. తను పుట్టిన సమాజాన్ని వెక్కిరించి దొరల మెప్పు పొందే దారి ఆయన పట్టలేదు.

1799లో లక్నోకు చెందిన పండితుడు మీర్జా అబూ తాలిబ్ ఖాన్ యూరప్ వెళ్తూ కార్క్‌లో ఆగారు. అక్కడ దీన్ మొహమ్మద్‌ను కలిశారు. ఆ సంగతి తన ఫార్సీ యాత్రా గ్రంథంలో రాసుకున్నారు కూడా. దీన్‌కు సొంత ఇల్లు, భార్య, చక్కటి పిల్లలు ఉన్నారని ఆయన గమనించారు. పరాయి దేశంలో ఇద్దరు హిందుస్తానీలు ఎదురుపడిన ఆ సంగతి మనకు తెలిసింది ఆ ఫార్సీ పుస్తకం వల్లే.

లండన్‌లో హోటల్, ఆపై దివాలా

1800 దాటిన కొన్నేళ్లకు దీన్ మొహమ్మద్ లండన్ చేరారు. పోర్ట్‌మన్ స్క్వేర్‌లో బాసిల్ కాక్రేన్ అనే స్కాట్లండ్ ధనవంతుడి దగ్గర పనికి కుదిరారు. ఈ కాక్రేన్ మద్రాసులో కాంట్రాక్టులు చేసి బాగా సంపాదించి తిరిగెళ్లిన మనిషి. లండన్ ఇంట్లో వైద్యం కోసం ఆవిరి స్నానం గది ఏర్పాటు చేశాడు. దీన్ మొహమ్మద్ అక్కడే ఆవిరి స్నానానికి మాలిష్ కూడా జోడించి పనిచేశారని అంటారు. హమామ్, మాలిష్ మనవాళ్లకు కొత్త కాదు. కానీ దాన్ని దొరలకు అమ్మవచ్చని ఆయనకు తెలిసింది బహుశా అక్కడే.

అయితే ఆయన ముందు వేరే వ్యాపారంలో దిగారు. 1810లో పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర, 34 జార్జ్ స్ట్రీట్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచారు. పేరుకే కాఫీ హౌస్, అసలు సరుకు కూరలు, మన వంటలు. వెదురు కుర్చీలు, గోడల మీద హిందుస్తాన్ దృశ్యాలు, హుక్కా తాగడానికి విడిగా గది. లండన్‌లో ఒక భారతీయుడు నడిపిన మొదటి భారతీయ హోటల్‌గా దాన్ని లెక్కిస్తారు.

రెండేళ్లు తిరక్కుండానే 1812లో దివాలా తీశారు.

లెక్క ఎక్కడ తప్పింది? ఆ పేటలో ఇండియాలో సంపాదించి తిరిగొచ్చిన కంపెనీ దొరలు చాలామంది ఉండేవాళ్లు. కూర తినేది వాళ్లే కాబట్టి హోటల్ వాళ్ల మధ్యే పెట్టారు. కానీ అంత డబ్బున్నవాళ్ల ఇళ్లలో మసాలా వంటలు తెలిసిన వంటవాళ్లు ముందే ఉన్నారు. ఇంట్లో ఉన్నదానికి బయట డబ్బు పెట్టి తినేవాళ్లు తక్కువ. సామాను ఖర్చు, అద్దె, ఖరీదైన అలంకరణ మాత్రం మొదటి రోజు నుంచే ఉన్నాయి. కస్టమర్ ఎక్కడున్నాడో సరిగ్గానే చూశారు, అతనికి అవసరం ఉందో లేదో చూసుకోలేదు.

అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. పెద్ద సంసారం. 1813లో ఇళ్లలో పని కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చుకున్నారు. పుస్తకం రాసిన మనిషి, సుబేదార్‌గా చేసిన మనిషి, సొంత హోటల్ నడిపిన మనిషి మళ్లీ నౌకరీ కోసం తలుపు తట్టారు.

బ్రైటన్ ఆవిరి

1814లో సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్‌కు మారారు. ఈసారి లెక్క కుదిరింది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ ధనవంతులకు సముద్ర స్నానం ఒక వైద్యం. డాక్టర్లే చీటీ రాసి పంపేవాళ్లు. యువరాజు జార్జ్‌కు బ్రైటన్ అంటే ఇష్టం. అక్కడి తన రాయల్ పెవిలియన్‌ను 1815 నుంచి జాన్ నాష్ అనే వాస్తుశిల్పితో గుమ్మటాలు, మీనార్లతో హిందుస్తానీ పద్ధతిలో తిరిగి కట్టించాడు. అంటే ఊరికి రోగులు వస్తున్నారు, చేతిలో డబ్బు ఉంది, తూర్పు దేశాల వస్తువంటే మోజు ఉంది. వాళ్ల ఇళ్లలో లేనిది ఒకటే, ఆ చికిత్స తెలిసిన చెయ్యి.

ఆ చికిత్స ఇలా ఉండేది. మూలికలు వేసి మరిగించిన నీటి ఆవిరిని గొట్టాల ద్వారా పంపుతారు. రోగి ఉన్ని గుడ్డతో చేసిన గుడారం లాంటి దాంట్లో కూర్చుని చెమట పట్టేదాకా ఉంటాడు. ఆ గుడ్డకు చొక్కా చేతుల్లాంటివి కుట్టి ఉంటాయి. మాలిష్ చేసే మనిషి బయట నిలబడి అందులోకి చేతులు దూర్చి ఒళ్లంతా నొక్కుతాడు, పిసుకుతాడు. ఈ నొక్కడాన్నే హిందుస్తానీలో చాంప్నా అంటారు. హైదరాబాద్‌లో ఇప్పటికీ వినిపించే చంపీ మాలిష్ ఆ మాటకు చుట్టమే. చాంపో అంటే నొక్కు అని. అది ఇంగ్లీషు నోట్లో షాంపూ అయింది. ఆ మాట ఇంగ్లీషు పుస్తకాల్లో అంతకుముందే అక్కడక్కడ కనిపించింది, కానీ దాన్ని బోర్డు మీద రాసి ఊరందరికీ పరిచయం చేసింది దీన్ మొహమ్మదే.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. కొందరికి ఉచితంగా చేసి చూపించారు. నయమైనవాళ్లు పదిమందికి చెప్పారు. కీళ్లనొప్పులు, వాతం, బిగుసుకుపోయిన చేతులు, కాళ్లు, ఆయాసం అంటూ జనం వచ్చారు. నయమై వెళ్లినవాళ్లు వదిలేసిన ఊతకర్రలు హాల్లో అందరికీ కనిపించేలా పెట్టారు. ఇంతకంటే మంచి అడ్వర్టైజ్‌మెంట్ ఏముంటుంది! 1820లో నయమైనవాళ్ల కేసులతో ఒక చిన్న పుస్తకం, 1822లో షాంపూయింగ్ మీద పూర్తి పుస్తకం వేశారు. దానికి తర్వాత మళ్లీ మళ్లీ ముద్రణలు వచ్చాయి. 1821 నాటికి సముద్రానికి ఎదురుగా కింగ్స్ రోడ్డులో పెద్ద స్నానశాల తెరుచుకుంది. జార్జ్ 4, ఆ తర్వాత విలియం 4, ఇద్దరు రాజులకు ఆయన ఆస్థాన షాంపూయింగ్ సర్జన్ అయ్యారు.

ఆ స్నానశాల ఒక్కరి కష్టం కాదు. ఆడవాళ్ల విభాగం భార్య జేన్ చూసుకునేవారు. పరదా గురించి మనకు తెలిసిందే కదా, ఆ కాలపు ఇంగ్లీషు ఆడవాళ్లూ పరాయి మగాడి చేత మాలిష్ చేయించుకోరు. జేన్ లేకపోతే ఆ వ్యాపారంలో సగం మంది కస్టమర్లు గడప తొక్కేవాళ్లే కాదు. కొడుకులు కూడా అదే వృత్తిలోకి వచ్చారు.

పెంచుకున్న పదేళ్లు

వ్యాపారం పెరిగేకొద్దీ దీన్ మొహమ్మద్ తన వయసు పదేళ్లు పెంచుకున్నారు. 1759 బదులు 1749లో పుట్టానని చెప్పుకున్నారు. ఆ అదనపు పదేళ్లలో కలకత్తాలో వైద్యం చదివానని, కంపెనీ సైన్యంలో సర్జన్‌గా పనిచేశానని రాసుకున్నారు. అది నిజం కాదు. ఆయన పెరిగింది పటాలంలో.

ఎందుకు అలా చేశారు? సర్టిఫికెట్ లేని చేతిని, అందులోనూ రంగు తక్కువ మనిషి చేతిని, డాక్టర్ల మధ్య నిలబెట్టాలంటే ఆయనకు దొరికిన దారి అది. అర్థం చేసుకోవచ్చు, కానీ సమర్థించలేం. రోగి ప్రాణం దగ్గర లేని చదువు ఉందని చెప్పడం ఏ కాలంలోనైనా తప్పే. నొప్పికి మాలిష్ నిజంగానే పనిచేస్తుంది. ఆవిరి కూడా హాయినిస్తుంది. అంతవరకు ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన గొప్పవాడే అయ్యేవారు.

చివరి రోజుల్లో దశ తిరిగింది. విక్టోరియా రాణికి బ్రైటన్ మీద పెద్దగా ఇష్టం లేదు, రాజకుటుంబం రావడం తగ్గింది. ఇతరులు కూడా అలాంటి స్నానశాలలు తెరిచారు. 1840లలో కింగ్స్ రోడ్డు స్నానశాల ఆయన చేజారింది. 1850 డిసెంబర్‌లో జేన్ చనిపోయారు. రెండు నెలలకే, 1851 ఫిబ్రవరి 24న, ఆయన కూడా కన్నుమూశారు. వయసు 92కు దగ్గర. సమాధి రాయి మీద మాత్రం 101 అని ఉంది. పెంచుకున్న పదేళ్లు అక్కడిదాకా వెంట వచ్చాయి. ఆ సమాధి బ్రైటన్‌లోని సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఉంది.

మాట మారింది

ఆయన పోయిన కొన్నేళ్లకే షాంపూ అర్థం మారడం మొదలైంది. ఒళ్లంతా నొక్కడం పోయి, తలను నొక్కుతూ కడగడం వచ్చింది. తర్వాత కడగడానికి వాడే సరుకుకే ఆ పేరు నిలిచింది. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో హాన్స్ ష్వార్జ్‌కాఫ్ పొడి షాంపూ అమ్మారు, తర్వాత ద్రవం వచ్చింది. చేతి పని సీసాలో సరుకైపోయింది.

మన తెలుగులో తలంటు అనే మాట ఉంది. అందులో నూనెతో తల మర్దించడం, కుంకుడు రసంతో కడగడం రెండూ కలిసే ఉంటాయి. మన నానమ్మలకు ఈ రెండూ వేరు కావు. ఇంగ్లీషు మాటకు ఒకదాని నుంచి ఇంకోదానికి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇప్పటి ఊదారంగు సీసా కూడా ఆ దారిలో వచ్చిందే. దాని పని చాలా సులువుగా అర్థమవుతుంది. తెల్ల జుబ్బా పసుపెక్కితే ఇంట్లో నీలం పెడతాం కదా, ఇదీ అంతే. బ్లీచ్ చేసిన జుట్టులో నల్లదనం పోయి లోపలి పసుపు బయటపడుతుంది. ఊదా రంగు ఆ పసుపును కప్పేస్తుంది. నీలం ఎక్కువైతే బట్ట మీద మచ్చలు పడినట్టే, ఇది ఎక్కువసేపు ఉంచితే జుట్టు అక్కడక్కడా వంకాయ రంగుకు తిరుగుతుంది. ఉంగరాల జుట్టుకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. తలలోంచి వచ్చే నూనె ఆ మెలికలు దాటి కొసల దాకా దిగదు. బ్లీచ్ వల్ల కొసలు ఇంకా ఎండిపోయి రంగును గబగబా పీల్చేస్తాయి. అందుకే వారానికి ఒకసారికి మించకుండా, సీసా మీద రాసినంత సేపే ఉంచి, బాగా కడిగి, తర్వాత మామూలు కండిషనర్ ధారాళంగా పట్టించి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీసుకోవాలి. జుట్టు మరీ పొడిబారి ఉంటే ఊదా షాంపూ మానేసి ఊదా కండిషనర్ ఒక్కటే వాడినా సరిపోతుంది. రంగు వేయని నల్లజుట్టుకు దీనితో పనిలేదు. మెహందీ పెట్టి నారింజ రంగుకు తిరిగిన తెల్లవెంట్రుకలకు కూడా ఇది పనిచేయదు, ఎందుకంటే నారింజ రంగును తగ్గించేది నీలం, ఊదా కాదు. సీసా మీద ఎన్ని మాటలు రాసినా సరుకు చేసే పని ఇంతే. దీన్ మొహమ్మద్ రోజుల నుంచీ ఈ సరుకుతో పాటు పెద్ద పెద్ద మాటలు కూడా అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్లే వడకట్టుకోవాలి.

మనకు మిగిలింది

ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్ లండన్ గైస్ హాస్పిటల్‌లో నిజమైన డాక్టర్ అయ్యారు. రక్తపోటును కొలిచి అర్థం చేసుకోవడంలో తొలినాటి ముఖ్యమైన పరిశోధనలు ఆయనవి. కిడ్నీ జబ్బు కనిపించకముందే రక్తపోటు పెరగవచ్చని చూపించినవాళ్లలో ఆయన ఒకరు. 1884లో టైఫాయిడ్‌తో 35 ఏళ్లకే చనిపోయారు. తాత లేని డిగ్రీ చెప్పుకుంటే, మనవడు ఆ డిగ్రీ నిజంగా సంపాదించారు. ఇంగ్లండ్‌లో మూడో తరం వచ్చినా ఇంటిపేరు మొహమ్మదే, మధ్యలో అక్బర్ కూడా ఉంది.

2005లో లండన్‌లో ఆ పాత హోటల్ ఉన్న చోట ఆయన పేరుతో ఫలకం పెట్టారు. 2019 జనవరి 15న గూగుల్ తన పేజీ మీద ఆయన బొమ్మ వేసింది. మన ఫోన్లకు ఫార్వర్డ్‌లు ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే.

వచ్చేసారి ఆ ఫార్వర్డ్ వస్తే పిల్లలకు పూర్తి కథ చెప్పండి. షాంపూ కనిపెట్టలేదని చెప్పండి. మతం మారిన సంగతి, వయసు పెంచుకున్న సంగతి కూడా చెప్పండి. అలాగే 53 ఏళ్లకు దివాలా తీసి, పని కోసం ప్రకటన ఇచ్చుకున్న మనిషి, పెద్ద పెట్టుబడి ఏమీ లేకుండా, చిన్నప్పుడు తన ఊళ్లో చూసిన మాలిష్‌ను నమ్ముకుని మళ్లీ లేచాడని చెప్పండి. గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన నాన్నలు, షాపు మూసేసిన మామూలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల పిల్లలకు కల్పించిన హీరో కంటే ఈ నిజం మనిషే ఎక్కువ ఉపయోగపడతాడు.